ఒక మార్కు ప్రశ్న, ఒక పిచ్చి మొక్క వేరు

జీకే పుస్తకాలతో నాకు పేచీ ఏంటంటే అవి ప్రపంచాన్ని అధ్యాయాలుగా కోసేస్తాయి. చరిత్ర ఒకచోట, మొక్కలూ జంతువులూ ఇంకోచోట, కళలు–సంస్కృతి ఎక్కడో చివర్లో, పరీక్షకి ముందు హడావుడిగా తిరగేసే పేజీల్లో. గ్రూప్స్‌కి చదివేవాళ్ళకి జీకే చెప్పడమే నా పని, ఈ పుస్తకాల మీదే నా బతుకు కూడా, కాబట్టి వాటిని తిట్టే హక్కు నాకు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువే ఉందనుకుంటాను. "కలంకారీకి ప్రసిద్ధి చెందిన పట్టణం ఏది?" అని ఒక బిట్టు ఉంటుంది. మచిలీపట్నం అని టిక్కు పెడతాం, ఆప్షన్లలో శ్రీకాళహస్తి కూడా ఉంటే కాసేపు టెన్షన్ పడతాం, ముందుకెళ్ళిపోతాం. చరిత్ర అధ్యాయంలో "1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు" అని ఇంకో బిట్టు. సైన్సులోకి వస్తే అలిజరిన్ అనే రంగుని మొదట కృత్రిమంగా తయారుచేసింది ఎవరు అని మరొకటి. ఈ మూడు ప్రశ్నలూ ఒకే కథలోవని ఏ గైడూ చెప్పదు. ఆ కథ మొత్తం ఒక మొక్క వేరు చుట్టూ తిరుగుతుంది. దాని పేరు చిరివేరు, ఇంగ్లీషు పాత రికార్డుల్లో చేరూట్.

చూడ్డానికి పెద్ద మొక్కేం కాదు. సముద్రానికి దగ్గర్లో ఇసుక నేలల్లో, నేలని అంటిపెట్టుకుని పెరుగుతుంది, సన్నటి ఆకులు, చిన్న చిన్న తెల్లటి పూలు, పక్కనే నడిచి వెళ్ళినా కంట్లో పడదు. శాస్త్రీయ నామం ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. కాఫీ, మంజిష్ఠ, మన తొగరు చెట్టు, ఇవన్నీ ఏ కుటుంబమో ఇదీ ఆ కుటుంబమే, ఆ కుటుంబంలో చాలామందికి వేళ్ళలో ఎరుపు దాచుకునే అలవాటు ఉంది. చిరివేరు సంగతంతా నేల కిందే. వేరు సన్నగా, మొక్క సైజుతో పోలిస్తే విపరీతమైన పొడవుతో కిందికి దిగుతుంది, రంగు మొత్తం ఆ వేరు పైబెరడులో ఉంటుంది. గవ్వలూ ఆల్చిప్పలూ పొడై కలిసిపోయిన తీరపు ఇసుకలో పెరిగిన వేరుకి పేరెక్కువ, ఎందుకంటే అక్కడ నేలలో సున్నం ఉంటుంది, ఆ సున్నానికి ఈ ఎరుపు చిక్కబడడంలో పాత్ర ఉంది. పొలం వేసి పెంచినదానికంటే తనంతట తాను మొలిచినదే మేలని 18వ శతాబ్దంలోనే రాసిపెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి అసలు రంగు బట్టకి ఎలా పడుతుందో చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థంకాకపోతే తరవాత యూరప్‌లో జరిగిన గొడవంతా ఏదో ఫ్యాషన్ పిచ్చి అనిపిస్తుంది.

నూలు బట్ట మొండిది. ఉన్ని, పట్టు రంగుని తొందరగానే పీల్చుకుంటాయి, నూలు అలా కాదు, మీద ఏ రంగు పూసినా మొదటి ఉతుకుకి సగం, రెండో ఉతుకుకి మిగతా సగం పోతుంది. దీనికి మన తీరంలోని అద్దకంవాళ్ళు కనిపెట్టిన పద్ధతి వింటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ముందు బట్టని పేడ నీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరేసి, నీళ్ళు చల్లుతూ తెల్లబరుస్తారు. తరవాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో ఉండే వగరు పదార్థం నూలుని పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు ఏమో మీద గీసే గీత పక్కలకి పాకిపోకుండా ఆపుతుంది. ఇప్పుడు బొమ్మ గీస్తారు. నల్ల గీతలకి బెల్లం నీళ్ళలో ఇనప తుక్కు రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం, అది కరక్కాయ పట్టిన బట్టని తాకగానే నల్లగా మారుతుంది. ఎరుపు రావాల్సినచోట మాత్రం చిత్రకారుడు వేసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. ఎక్కడ వేశాడో తనకే కనిపించాలి కాబట్టి అందులో కాస్త ఏదో రంగు కలుపుకుంటాడు, అంతే.

అంటే అతను గీస్తున్నది కనబడని బొమ్మ. అలా గీసిన బట్టని మొత్తంగా తీసుకెళ్ళి చిరివేరు పొడి వేసిన నీళ్ళలో పెట్టి కాగబెడతారు. బట్ట మొత్తం ఎర్రబడుతుంది, ఉతుకుతారు, ఎండలో వేస్తారు, మళ్ళీ పేడ నీళ్ళు, మళ్ళీ ఎండ. పటిక తగలని చోటల్లా ఎరుపు పోయి తెలుపు తేలుతుంది, పటిక తగిలినచోట ఎరుపు ఉండిపోతుంది, ఇక అది బట్ట చిరిగేదాకా పోదు. పటిక పలచగా వేస్తే గులాబీ, చిక్కగా వేస్తే నెత్తురు ఎరుపు, ఇనప నీళ్ళు కలిపి వేస్తే ఊదా. ఒకే కాగులో ఒకేసారి మునిగిన బట్ట ఇన్ని రంగులతో బయటికొస్తుంది. ఇది రసాయన శాస్త్రం కాకపోతే మరేంటి? చేసినవాళ్ళకి అల్యూమినియం అన్న పేరు తెలియదు, ప్రపంచంలో అప్పటికి ఎవరికీ తెలియదు.

నీలం కథ వేరే. నీలిమందుకి పటిక పనికిరాదు, బట్టని నీలి తొట్టిలో ముంచాల్సిందే, అందుకని నీలం రాకూడనిచోటంతా మైనం పూసి కప్పేస్తారు. ఒక దుప్పటిలో మూడు ఆకులు నీలంగా ఉండాలంటే ఆ మూడు ఆకులు తప్ప దుప్పటంతా మైనమే. తరవాత వేడినీళ్ళలో మైనం కరిగించి తీసేసి, నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ. ఆ పసుపు మాత్రం గట్టిది కాదు, ఏళ్ళ తరబడి వెలుతురుకి పోతుంది. విదేశీ మ్యూజియాల్లో మన పాత బట్టలు చూస్తే చెట్ల ఆకులు నీలంగా ఉంటాయి, చూసినవాళ్ళు ఇదేదో కళాత్మక ఊహ అనుకుంటారు. ఊహ ఏమీ లేదు, పసుపు వెలిసిపోయింది, ఎరుపూ నీలమూ మిగిలాయి.

1680ల్లో గోల్కొండ రాజ్యంలో పనిచేసిన డేనియల్ హావర్ట్ అనే డచ్చివాడు దేశానికి తిరిగెళ్ళాక కోరమాండల్, అంటే మన తూర్పు తీరం గురించి ఒక పుస్తకం రాశాడు, 1693లో అచ్చయింది. అందులో ఈ బట్టల మీద బొమ్మలు గీసేవాళ్ళ పని నత్త నడకలా సాగుతుందని, ముందుకి కదులుతున్నట్టే కనిపించదని అంటాడు. అని ఊరుకోడు, ఓపిక అనే గుణానికి ఎవరైనా బొమ్మ వేయాలనుకుంటే పాలకొల్లు అద్దకంవాడిని కూర్చోబెట్టుకుని వేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదంటాడు. పాలకొల్లులో డచ్చివాళ్ళకి వర్తక స్థావరం ఉండేది. ఇప్పుడు పాలకొల్లు అంటే సినిమావాళ్ళ ఊరు, పంచారామం, ఇవి గుర్తొస్తాయి. ఈ సంగతి కూడా ఊరి ప్రవేశంలో ఒక బోర్డు మీద రాయించదగ్గదే అని నా అభిప్రాయం, రాయించరనుకోండి.

డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నం వచ్చారు, ఆరేళ్ళకి ఇంగ్లీషువాళ్ళు. ఎందుకొచ్చారు అంటే పిల్లలు వెంటనే "సుగంధ ద్రవ్యాల కోసం" అంటారు. బందరులో, అంటే మచిలీపట్నంలో లవంగాలు పండవు కదా, జాజికాయా పండదు. అవి పండేది ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవుల్లో, బండా దీవుల్లో. అక్కడివాళ్ళకి యూరప్ సరుకు అక్కర్లేదు, వాళ్ళు అడిగేది మన తీరపు బట్టలు, తరతరాలుగా వాళ్ళకి అలవాటైనవి. వెండి ఇచ్చి లవంగాలు కొనడం కంటే వెండి ఇచ్చి ఇక్కడ బట్టలు కొని, ఆ బట్టలిచ్చి అక్కడ లవంగాలు కొంటే లాభం ఎక్కువ అని డచ్చివాళ్ళకి త్వరగానే తెలిసొచ్చింది. బందరు స్థావరం ఈ లెక్కలోంచి పుట్టింది.

కొనేవాళ్ళు ఒక్క దేశంవాళ్ళు కారు, ఒక్కొక్కరిది ఒక్కో రుచి, ఇక్కడి పనివాళ్ళు ఎవరికి కావలసింది వాళ్ళకి గీసిచ్చారు. గోల్కొండ కుతుబ్‌షాహీలకి ఇరాన్‌తో రాకపోకలు బలంగా ఉండేవి కాబట్టి ఇరాన్ బేరానికి ఆ దేశపు తీగలూ తోరణాలూ. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజాస్థానం తమ పద్ధతిలో డిజైన్లు పంపించి మరీ ఈ తీరంలో బట్టలు చేయించుకునేది. జపాన్‌లో తేనీటి వేడుకల సామాను చుట్టుకోవడానికి ఈ బట్టల ముక్కల్ని అపురూపంగా దాచుకునేవారు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా అనే కొండజాతివాళ్ళు భారతదేశం నుంచి వెళ్ళిన పాత బట్టల్ని వందల ఏళ్ళు వారసత్వంగా దాచిపెట్టి, పూజల్లో, వేడుకల్లో మాత్రమే బయటికి తీసేవారు. మన దగ్గర 17వ శతాబ్దపు బట్టలు దొరకడం కష్టం, మన గాలీ తేమా చెదలూ అలాంటివి, వాడి చింపేసే అలవాటు కూడా ఒకటి. మన పనితనం ఎలాంటిదో చూడాలంటే సులవేసి నుంచో, న్యూయార్క్ నుంచో చూడాల్సి వస్తోంది. న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఏడు భాగాల పెద్ద తెర ఒకటుంది, 17వ శతాబ్దం మొదట్లో కోరమాండల్‌లో గీసింది, రకరకాల దేశాలవాళ్ళు రకరకాల వేషాల్లో అందులో నిండిపోయి ఉంటారు, టోపీలు పెట్టుకున్న యూరప్‌వాళ్ళతో సహా. ఆ మ్యూజియంవాళ్ళు దాన్ని 1914లో మన దేశంలోనే కొని తీసుకెళ్ళారు.

ఇంగ్లీషువాళ్ళ రుచి గురించి ఒక చిన్న ముచ్చట. 1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ ఏజెంట్లకి రాసిన ఉత్తరంలో, మీరు పంపే దుప్పట్లకి వెనక నేలంతా దిగులు ఎరుపు ఉంటోంది, ఇక్కడ అది నచ్చడంలేదు, నేల తెల్లగా ఉంచి మధ్యలో పువ్వులూ కొమ్మలూ రంగుల్లో వేయించండి అని అడిగారు. ఆ తరవాత కాలంలో తెల్ల నేల మీద ఒక చిన్న రాళ్ళ గుట్ట, అందులోంచి మెలికలు తిరిగి లేచే ఒక చెట్టు, ఆ ఒక్క చెట్టుకే పది రకాల పువ్వులు ఉండే దుప్పట్లు యూరప్‌ని ముంచెత్తాయి. ఆ చెట్టు ఏ అడవిలోనూ లేదు. పర్షియా, చైనా, ఇంగ్లండ్, మన తీరం, నాలుగు చోట్ల ఊహలూ కలిసి మన పనివాళ్ళ చేతిలో మొలిచిన చెట్టు అది, దానికి ఇప్పుడు జీవవృక్షం అని గంభీరమైన పేరు పెట్టి ఇది సనాతన భారతీయ చిహ్నం అని షాపులవాళ్ళు చెప్తుంటారు. చెప్పనివ్వండి, అమ్ముకోవాలి కదా.

ఇక గొడవ. ఉతికితే పోని రంగు, ఒంటికి తేలిక, ధర పట్టుకంటే తక్కువ, ఇలాంటి బట్ట వచ్చిపడితే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు ఊరుకుంటారా? ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల్ని నిషేధించింది, దిగుమతినీ, అలాంటివి అక్కడ తయారుచేయడాన్నీ కూడా. ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి ఇండియా, పర్షియా, చైనాల నుంచి వచ్చే రంగు బట్టలు వాడకూడదంది. తెల్ల బట్ట తెప్పించుకుని అక్కడే అద్దడం మొదలుపెట్టారు, దానితో 1721లో ఇంకో చట్టం, అద్దిన నూలు బట్ట కట్టుకోవడమే తప్పు. దానికి రెండేళ్ళ ముందు, 1719లో, లండన్‌లో పట్టు నేతగాళ్ళు వీధుల్లో తిరుగుతూ ఈ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద సిరా, యాసిడ్ పోసిన సంగతి చరిత్రలో నమోదై ఉంది. వాళ్ళది ఆకలి బాధే, కాదనను, మన నేతగాళ్ళు తరవాతి శతాబ్దంలో మాంచెస్టర్ బట్ట వల్ల పడ్డ బాధ ఇదే, కానీ యాసిడ్ పడింది మాత్రం దారినపోయే ఆడవాళ్ళ మీద.

నిషేధం పెడితే ఆగుతాయా. ఫ్రాన్సులో రాజు పదిహేనో లూయీకి బాగా దగ్గరైన మదామ్ ద పాంపదూర్ ఇంట్లోనే ఈ బట్టలు ఉండేవి. దొంగరవాణా చేసే లూయీ మాండ్రాన్ అనేవాడు పొగాకుతో పాటు ఈ బట్టలు కూడా సరిహద్దు దాటించి జనంలో హీరో అయిపోయాడు, 1755లో అతన్ని చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. ఇంగ్లండ్‌లో అప్పటి రంగస్థలాన్ని ఏలిన నటుడు డేవిడ్ గారిక్. కలకత్తాలో నాటకశాల పెట్టుకోవడానికి సాయం చేశాడని అక్కడి ఇంగ్లీషు వర్తకులు అతని భార్యకి మచిలీపట్నంలో చేయించిన మంచం తెరలు బహుమతిగా పంపించారు. అవి లండన్‌లో దిగగానే కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుపోయారు. 1775లో గారిక్ ఖజానా అధికారికి ఉత్తరం రాశాడు, మా ఆవిడ దుఃఖం చూడలేకపోతున్నాను, ఇప్పించండి అన్న ధోరణిలో. ఆ తెరలూ, ఆ మంచమూ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. బందరు బట్ట కోసం ఒక స్టార్ హీరో కస్టమ్స్‌వాళ్ళని బతిమాలుకున్నాడన్నమాట. ఇలాంటిది చెప్తే క్లాసులో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు, కానీ బిట్టు రాదు.

బట్ట ఆపలేరు కాబట్టి బట్ట చేసే విద్యనే పట్టుకుపోదామని ఇంకొందరు బయల్దేరారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పారిస్‌లో షార్ల్ ద్యూఫే అని ఒక శాస్త్రవేత్త. విద్యుత్తులో రెండు రకాలున్నాయని, ఒకే రకానివి వికర్షించుకుంటాయని, వేర్వేరు రకాలవి ఆకర్షించుకుంటాయని 1733లో చెప్పింది ఈయనే, అది మన ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది. ఆయనే రంగుల అద్దకం మీద కూడా ప్రభుత్వం తరఫున పనిచేసేవాడు. బోల్యూ అనే నౌకాధికారి పాండిచ్చేరి వైపు వెళ్తుంటే ఈ పని ఎలా చేస్తారో చూసి రమ్మన్నాడు. 1734 ప్రాంతంలో బోల్యూ ఒక అద్దకంవాడి దగ్గర కూర్చుని ప్రతి దశ చూశాడు, చూసి రాసుకోవడంతో ఆగలేదు, ఒక్కో దశ అయ్యాక బట్టలోంచి ఒక ముక్క కత్తిరించి కాగితాలకి జత చేసుకుని పట్టుకెళ్ళాడు. పొడి తెలుపు దగ్గర్నుంచి పూర్తయిన పువ్వుదాకా, ముక్క ముక్కగా. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ అద్దకంవాడి పేరు మాత్రం బోల్యూ రాసుకోలేదు.

ఇంకొకాయన కెర్దూ, జెసూట్ పాదిరీ. మతం మార్చుకున్నవాళ్ళలో అద్దకం పనివాళ్ళుంటే వాళ్ళని అడిగి అడిగి తెలుసుకుని 1742లో ఫ్రాన్సుకి పెద్ద ఉత్తరం రాశాడు, కరక్కాయ ఎంత, పాలు ఎన్ని, ఏ నీళ్ళతో ఉతకాలి, అన్నీ. నమ్మి చెప్పినవాళ్ళ విద్యని ఇలా ఊరికి పంపేయడం న్యాయమా అంటే నాకైతే దొంగతనంలాగే కనిపిస్తుంది, ఆయన మాత్రం శాస్త్రానికి సేవ అనుకున్నాడు. అదే కెర్దూ తెలుగు నేర్చుకుని తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో చుట్టరికం ఉందని 1767లోనే రాశాడు, విలియం జోన్స్ కలకత్తాలో అదే మాట చెప్పి పేరు తెచ్చుకోవడానికి దాదాపు 20 ఏళ్ళ ముందు. మనిషిని ఏ గడిలో పెట్టాలో తెలియక నేను వదిలేశాను.

1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ సైన్యాధికారి కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి మచిలీపట్నం కోటని పట్టుకున్నాడు. ఆ ఏడాదే ఫ్రాన్సు అద్దకం మీద నిషేధం ఎత్తేసింది. కాకతాళీయమే, ఒకదానివల్ల ఇంకోటి జరగలేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఊరు చేజారిన ఏడే ఊరి విద్య వాళ్ళ దేశంలో చట్టబద్ధమైంది. మరుసటి ఏడు ఓబర్‌కాంఫ్ అనేవాడు వెర్సాయ్‌కి దగ్గర్లో జూయీ అనే ఊళ్ళో అద్దకం కార్ఖానా పెట్టాడు, అది యూరప్ అంతటా పేరు పొందింది. యూరప్‌లో చిరివేరు లేదు, కానీ దాని చుట్టం, మంజిష్ఠ జాతిదే ఒకటి వాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది. పటికా ఉంది. ఉన్ని మీద వాడడమూ తెలుసు. నూలు మీద ఆ రెండిటినీ ఏ వరసలో, ఏ చిక్కదనంలో, దేనితర్వాత దేన్ని వాడాలన్నదే వాళ్ళకి చేతకాక ఇన్నాళ్ళు ఆగింది.

ఇంగ్లీషు కంపెనీ ఇంకో దారిన వెళ్ళింది. మొక్కనే పట్టుకుంది. విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ డాక్టరు, 1781 నుంచి కాకినాడ దగ్గర సామర్లకోటలో ఉండి అక్కడే తోట వేశాడు. మిరియాలు, నీలిమందు, పట్టుపురుగులు, ఏది డబ్బవుతుందో అన్నీ పరీక్షించాడు. తెలుగు పేర్లు అడిగి రాసుకునేవాడు, దేశీ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించేవాడు. 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పెద్ద పుస్తకం భాగాలుగా వచ్చింది, మొదటి భాగంలోనే చిరివేరు బొమ్మ ఉంది, వేరుతో సహా. ఆ బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. బోల్యూ అద్దకంవాడు, రాక్స్‌బర్గ్ చిత్రకారులు, కెర్దూకి రహస్యం చెప్పినవాళ్ళు, ఎవరికీ పేరు లేదు. పేర్లున్నవాళ్ళంతా రాసుకున్నవాళ్ళే.

తరవాతిది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది తొందరగానే జరిగింది. యూరప్‌లో మరలొచ్చాయి, మర మీద అచ్చేసిన బట్ట చవగ్గా తిరిగి మన దేశానికే వచ్చింది. 1864 నవంబరు 1న ఉప్పెన బందరు మీద పడి సుమారు 30,000 మంది చనిపోయారు. నాలుగేళ్ళ తరవాత, 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్‌మన్ అనే ఇద్దరు ఆ వేళ్ళలో ఉండే ఎర్ర పదార్థం అలిజరిన్‌ని బొగ్గు తారులోంచి తీసిన ఆంత్రసీన్‌తో తయారుచేశారు. మరుసటి ఏడు జూన్‌లో ఇంగ్లండ్‌లో వాళ్ళ పేటెంటు దరఖాస్తు పడింది, అక్కడి రసాయన శాస్త్రవేత్త విలియం పెర్కిన్‌ది ఒక్క రోజు ఆలస్యంగా పడింది. ఒక మొక్కలో దొరికే రంగుని ఫ్యాక్టరీలో అచ్చంగా అదే అణువుగా తయారుచేయడం అదే మొదలు. కొన్నేళ్ళలోనే ఫ్రాన్సు, హాలండ్‌లలో మంజిష్ఠ పొలాలు మూతపడ్డాయి. చిరివేరు తవ్వేవాళ్ళ గురించి అడిగే నాథుడే లేడు.

కలంకారీ పూర్తిగా పోలేదు. శ్రీకాళహస్తిలో 1957లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టారు, జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పారు, ఆ కుటుంబంలోనే గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ వెదురుపుల్లకి గుడ్డ చుట్టిన కలంతో గీస్తారు, రామాయణ భారతాలు, గుడి తెరలు, స్వర్ణముఖి నీళ్ళు. బందరు వైపు, ముఖ్యంగా పెడనలో, టేకు చెక్క అచ్చులతో అద్దుతారు, గుడి కథల కంటే పూలూ తీగలే ఎక్కువ, ఎందుకో పైన చదివారు కాబట్టి వేరే చెప్పక్కర్లేదు.

పెడనలో ఇప్పుడు ఎరుపు చాలావరకు అలిజరిన్ పొడితోనే. ఇది తెలిసి కొంతమంది మొహం చిట్లిస్తారు, సహజ రంగులన్నారు కదా అని. నా లెక్క వేరే. అణువు ఒకటే, వేరులోంచి వచ్చినా డ్రమ్ములోంచి వచ్చినా. అసలు విద్య కరక్కాయ, పాలు, పటిక, ఇనప నీళ్ళు, ఉతుకు, ఎండ, ఈ వరసలో ఉంది, ఆ వరస ఇంకా అలాగే నడుస్తోంది. ఒక్క విషయంలో మాత్రం చిట్లించినవాళ్ళతో ఏకీభవిస్తాను, డ్రమ్ములోంచి వచ్చినదాన్ని వేరులోంచి వచ్చిందని లేబుల్ వేసి రెట్టింపు రేటుకి అమ్మడం మోసం. అంతకంటే పెద్ద మోసం, కరక్కాయ వాసన కూడా తగలని స్క్రీన్ ప్రింటు చీరకి కలంకారీ అని పేరు పెట్టడం, ఎగ్జిబిషన్లలో సగం అవే.

కొనేటప్పుడు బట్టని వెనక్కి తిప్పి చూడండి. పటికతో పట్టించిన ఎరుపు నూలు లోపలికి దిగుతుంది కాబట్టి వెనకవైపు కూడా బాగా కనబడుతుంది, పైపైన ప్రింటేసింది వెనక పలచగా తేలిపోతుంది. రంగు లేనిచోట నేల పాలతెలుపుగా కాక కాస్త పసుపు ఛాయలో ఉంటే కరక్కాయ పట్టించారని అర్థం. ఒకే అచ్చు పక్కపక్కన పడినచోట గీత కొద్దిగా తప్పి ఉంటే కంగారు పడకండి, చేత్తో అద్దినదానికి అలాగే ఉంటుంది, గీత ఎక్కడా తప్పిపోకుండా అచ్చుగుద్దినట్టు కలిసిందా, అప్పుడు అనుమానించండి. ఇవి మూడూ చూశాక రేటు అడగొచ్చు.